ఉప్పు వేయని కుండ

కాశిబుగ్గ బడిలో మాకు సైన్సు చెప్పిన సారు దేనికీ జవాబిచ్చేవాడు కాదు. ఏమడిగినా చేతులు వెనక్కి కట్టుకుని, "ఏమో, చేసి చూద్దామా?" అనేవాడు. ఈయనకు అసలేమైనా వచ్చా అని నాకు అనుమానం.

ఒకరోజు నూలుకు రంగెలా వేస్తారో ఇంట్లో అడిగి రమ్మన్నాడు. మగ్గం నేసే మా నాయన అనుమానం నాదానికంటే పెద్దది. "మన గుట్టు గుంజుతాండు" అంటూ బడికొచ్చి నిలదీశాడు.

సారు కోప్పడలేదు. "రంగునీళ్లల్ల ఉప్పెందుకేస్తరన్నా?"

"ఎయ్యాలె గాబట్టి!"

"ఎయ్యకుంటే?"

నాయన గిర్రున తిరిగి ఇంటికొచ్చేశాడు.

మర్నాడు మా పొయ్యి మీద రెండు రంగు కుండలు ఉడుకుతున్నాయి. ఒకదాంట్లో ఉప్పు లేదు. నాయన చేతులు వెనక్కి కట్టుకుని వాటినే చూస్తున్నాడు. నన్ను చూడగానే ఉలిక్కిపడి, "సారుకు చెప్పినవనుకో, ఈపు పల్గుతది" అన్నాడు.