ఇరవై రెండు మెట్లు

పన్నెండు గదుల ఇంటిని ఒంటిచేత్తో నాలుగు గంటల్లో అద్దంలా చేసి పెట్టడం మాటలనుకున్నారా? ఆ ఇంట్లో పనిమనిషి చేసేది. ఆమె అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. వంటాయన పెట్టిన మోటారక్క అన్న పేరే నిలిచిపోయింది.

ఆమె పద్ధతి ఆమెది. పై అంతస్తు నుంచి కిందికి రావాలి తప్ప కింద మొదలుపెట్టి పైకి పోకూడదు. ముందు పొడిగుడ్డ, తర్వాతే తడిగుడ్డ. బాత్రూముల్లో ముందే మందు పోసి వదిలేస్తే, గదులు దులిపి వచ్చేసరికి మురికి దానంతటదే నాని ఉంటుంది. గదిలో అడుగు పెట్టాక ఎడమచేతి గోడ వెంబడే చుట్టూ తిరిగి మళ్లీ గుమ్మం దగ్గరికి రావాలి. అక్కడింత, ఇక్కడింత తుడిచేవాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట. మెట్ల మీదికి బకెట్ ఎక్కించకూడదు. చేతిలో పిచికారీ సీసా, భుజం మీద గుడ్డ, పైనుంచి వెనక్కి దిగుతూ ఒక్కో మెట్టూ తుడుచుకు రావడమే.

"పని చేసేది చేతులు కాదు తమ్ముడూ, వరస" అనేది వంటాయనతో.

ఏడాదిన్నరగా ఆమెను కాపాడుతున్నది కూడా ఆ వరసే. ఎందుకంటే మోటారక్కకు చూపు పోతోంది.

ముందు కుడికన్ను పొగ కమ్మినట్టయింది. తర్వాత ఎడమకన్ను కూడా దాని దారే పట్టింది. ఎదురుగా మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, మొహం తెలియదు. దర్జీ దుకాణంలో పని చేసే కూతురు బలవంతంగా డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. శుక్లాలమ్మా, ఆపరేషన్ చేస్తే చూపు వచ్చేస్తుంది అన్నాడాయన. అక్కడిదాకా బాగానే ఉంది. కంటికో నెల చొప్పున వంగకూడదు, బరువెత్తకూడదు, దుమ్ములోకి పోకూడదు అని కూడా అన్నాడు. ఆమె బతుకంతా వంగడం, ఎత్తడం, దుమ్మేనాయె!

"రెండు నెలలేగా అమ్మా, చేయించుకోవే" అని కూతురు బతిమాలింది.

"రెండు నెలలు ఆ ఇల్లు నా కోసం దుమ్ము పట్టి కూర్చుంటుందా? ఇంకొకత్తె వస్తుంది. వచ్చింది ఊరికే పోతుందా? నేనెలా వచ్చాననుకున్నావు? పాతావిడ పురిటికి పోతే రెండు నెలలకని వచ్చా. పందొమ్మిదేళ్లయింది."



ఆ రోజు నుంచి భయంతోనే కాపురం. అమ్మగారి చెప్పుల చప్పుడు వినపడితే చాలు, గోడ వైపు తిరిగి తుడిచేది. "ఆ మూల మరకేంటో చూడు" అంటే, ఏ మూలో అడిగితే దొరికిపోతుంది గనక నాలుగు మూలలూ తోమేసేది. దుమ్మును వేళ్లతో వెతికేది. కుర్చీలు ఎవరైనా జరిపితే వంటాయన గుట్టుగా మళ్లీ సర్దేవాడు. ఆ ఇంట్లో ఆయనొక్కడికే విషయం తెలుసు. నేల తుడిచే మందు సీసాకు ఒక ముడి, చెక్క సామానుకు రాసే పాలిష్ నూనె సీసాకు రెండు ముళ్లు వేసి దారాలు కట్టింది కూడా ఆయనే.

ఒకరోజు వంటాయన సెలవు పెట్టాడు. అసలే బిక్కుబిక్కుమంటూ పని చేసుకుంటుంటే అమ్మగారు వచ్చి, "పాత సీసాలు మరీ జిడ్డోడుతున్నాయని పారేశాను. కొత్తవి అల్మరాలో పెట్టా" అని చెప్పి మేడ మీదికి నిద్రకు వెళ్లిపోయింది.

అల్మరాలో రెండు సీసాలు తగిలాయి. ఒకటే ఎత్తు, ఒకటే లావు. రెంటికీ నిమ్మకాయ వాసనే. చుక్క తీసి వేళ్ల మధ్య రాస్తే రెండూ జారుడే. అక్షరాలు చీమల బారులా కదులుతున్నాయి తప్ప ఒక్కటీ ఆనడం లేదు. పైకి వెళ్లి అడగొచ్చు. అడిగితే, "అంత పెద్ద అక్షరాలు కనపడట్లేదా?" అని ఒక్క మాట వస్తుంది. ఆ ఒక్క మాట రాకూడదనే ఇన్నాళ్లూ దాచింది మరి. నేల తుడిచేది ఇదే అయ్యుంటుందిలే అని గుండె రాయి చేసుకుని ఒక సీసా తీసుకుంది.

ఇరవై రెండు మెట్లు. నున్నటి పాలరాయి. పైనుంచి కిందిదాకా పిచికారీ కొట్టి తుడుచుకుంటూ వచ్చింది. మధ్యలో మరిచిన పొడిగుడ్డ కోసం మళ్లీ పైకి కాలు పెట్టిందో లేదో, సర్రున జారింది. పిట్టగోడ చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది. మెట్టు మీద అరచెయ్యి ఆనిస్తే జిడ్డు. నూనె!

పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్దమ్మగారు, అంటే అమ్మగారి అత్తగారు, నాలుగింటికల్లా టీకి కిందికి దిగుతుంది. ఎనభై దాటిన మనిషి. ఒకసారి తుంటి విరిగి లేచింది, ఇంకోసారి పడితే లేవదని డాక్టరు చెప్పేశాడు. దిగడానికి ఇంకో దారి లేదు. అప్పటికే మూడున్నర కొట్టింది.

వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు పట్టుకొచ్చింది. పైనుంచి మొదలుపెడదామంటే ఆ జిడ్డు మీద ఎక్కడమెలా? పందొమ్మిదేళ్లలో మొదటిసారి కింది నుంచి పైకి తోమడం మొదలుపెట్టింది. తోమడం, కడగడం, ఆరబెట్టడం, అరచేత్తో తడిమి చూసుకోవడం. ఒక మెట్టు, రెండు, ఐదు. చెమట కళ్లలోకి దిగుతోంది, ఎలాగూ కనపడని కళ్లే కదా అని తుడుచుకోను కూడా లేదు. పదమూడో మెట్టు మీదుండగా పైన టక్కుమని చేతికర్ర చప్పుడైంది.

"పెద్దమ్మగారూ, ఆగండి!"

"ఆఁ? ఏంటే?" ఆవిడకు చెవుడు. కర్ర ఇంకోసారి టక్కుమంది. పైమెట్టు అంచుకు వచ్చిందో, మెట్టు మీదికే దిగిందో మోటారక్కకు తెలియలేదు. పైన తెల్లటి చీర మసకగా కదులుతోంది, అంతే.

"కదలొద్దు! మెట్లంతా నూనె! మీ కాళ్లు పట్టుకుంటా, కదలొద్దమ్మా!"

ఆ ఇంట్లో ఆమె గొంతెత్తి అరవడం ఎవరూ ఎరగరు. గది తలుపు దడాలున తెరుచుకుంది. పరుగెత్తిన అడుగులు వినిపించాయి.

"అత్తయ్యా! ఉండండి, పట్టుకున్నాను" అంది అమ్మగారి గొంతు.

మోటారక్క మెట్టు మీదే చతికిలబడింది.

"మెట్ల మీద నూనేంటి? సీసా మీద రాసే ఉందిగా. తొందరలో చూసుకోలేదా?"

చూశారా, సాకు అమ్మగారే నోటికి అందించింది! ఊఁ అంటే చాలు, రెండు చివాట్లతో పోతుంది. మోటారక్క ఊఁ అనబోయింది కూడా. కానీ చెవిలో ఆ కర్ర చప్పుడు ఇంకా ఆగలేదు.

"కనపడలేదమ్మగారూ. నాకు కళ్లు కనపడటం లేదు. ఏడాదిన్నరయింది."

అమ్మగారు పెద్దమ్మగారిని గదిలో కూర్చోబెట్టి వచ్చి, పైగదులన్నీ తిరగడం మొదలుపెట్టింది. అల్మరాల పైభాగం, కిటికీ చువ్వలు, ఫ్యాను రెక్కలు... కుర్చీ జరిగిన చప్పుడు, తలుపులు తీసిన చప్పుడు అన్నీ మోటారక్కకు వినపడుతూనే ఉన్నాయి. వేలు పెట్టి చూస్తోందని అర్థమైంది. చివరికి మెట్ల పైకి వచ్చి నిలబడింది.

"ఎక్కడా రవ్వంత దుమ్ము లేదు" అంది. ఆశ్చర్యపోయినట్టే ఉంది గొంతు. తర్వాత, "ఆపరేషన్ చేయించుకో. తగ్గాక నేనే కబురు చేస్తాలే" అంది మెత్తగా.

ఆ మెత్తదనంతోనే ఆ కబురు రాదని మోటారక్కకు తెలిసిపోయింది. తిట్టి ఉంటే రేపు రమ్మన్నట్టే లెక్క. గుడ్డ పిండింది.

"ఇంకా తొమ్మిది మెట్లున్నాయమ్మా" అంది. "అయ్యేదాకా పెద్దమ్మగారిని దిగనివ్వకండి."