మూల ఫైలుకు నేను తీసిన తాళం

ఆరేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. ఎవరైనా గట్టిగా పేరు పెట్టి పిలిస్తే చాలు, ఆ సంగతి బయటపడిందేమో అనుకుంటాను. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

హోసూరులో బ్రేకు భాగాలు చేసే ఫ్యాక్టరీ. అక్కడ కంప్యూటర్లు చూసుకునేదాన్ని. భాగాలను పరీక్షించే బెంచీలు ఐదు, ఒక్కోదానికి ఒక వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటరు లోపలే నడిచే మరో కంప్యూటరు. ఐదూ ఒకే మూల మెమరీ ఫైలు నుంచి మొదలవుతాయి. దాన్ని చదవాలే గానీ, అందులో రాయకూడదు. అందుకే కొత్తవాళ్లకు పని నేర్పే ఐదో బెంచీలో ఏం మార్చినా, ఆపగానే చెరిగిపోతుంది.

ఒక పొద్దున కొత్త సాఫ్ట్‌వేర్ వేశాక ఆ ఐదోది లేవలేదు. ఫైలులో రాసే అనుమతి లేదంటుంది. చదవడానికి మాత్రమే తెరవమని ఒక సెట్టింగు పెడితే సరిపోయేది. వెతకాలి కదా, నెత్తిమీద మేనేజరు! ఫైలుకే రాసే అనుమతి ఇచ్చేశాను. లేచింది. తెలియక చేశానా? లేదు, తెలిసే చేశాను. సాయంత్రం సరిచేద్దాంలే అనుకుని మరిచిపోయాను.

డెంకణికోట మనిషి మునిరాజు, పాత ఆపరేటరు. కొత్తవాళ్లకు చూపించడానికి ఐదో బెంచీలో భాగం పాసయ్యే హద్దు తగ్గించాడు. ఎప్పుడూ చేసేదే. ఈసారి అది మూల ఫైలులో పడింది. షిఫ్టు మారి బెంచీలు మళ్లీ మొదలయ్యాక అన్నింటికీ అదే హద్దు. ఆ షిఫ్టంతా లోపమున్న భాగాలు పాసయిపోయాయి.

సంగతి బయటపడేసరికి నేను గప్‌చుప్‌గా ఆ ఫైలు పాత నకలు వేసి, రాసే అనుమతి తీసేశాను. నింద తన మీద పడుతోందని మునిరాజు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఆ బెంచీలో మార్చింది వేరేదానికి పోదని నువ్వే చెప్పినావు కదమ్మా. ఆ మాట సారుతో చెప్పమ్మా, నీకు పుణ్యముంటాది."

చెప్పాను. "పోదు సార్."

మేనేజరు ఆయన వైపు తిరిగాడు. "అట్లయితే అన్నిట్లో నువ్వే చేత్తో మార్చినావు."

నేను నేల చూశాను. ఆ వారమే మునిరాజు పని పోయింది.

ఆ భాగాలు పంపిన పెట్టెల్లో కొన్నే వెనక్కి వచ్చాయి. మిగతావి ఏ బండికి బిగించారో? కృష్ణగిరి రోడ్డులో బస్సు కీచుమని ఆగితే అందులో మా బ్రేకులేనా అనుకుంటాను. ప్రమాదం వార్త కనిపిస్తే పేపరు మడిచేస్తాను.

మొన్న మునిరాజు ఫోన్ చేశాడు. గులాబీ తోటలో కూలికి పోతున్నాడట. "ఆ పొద్దు నాకోసం నోరు తెరిచింది నువ్వొక్కతివేనమ్మా," అన్నాడు.

ఆయన్ను ముంచింది ఆ నోరే. ఇదిగో, రాసేశాను. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆయనతో చెప్పగలనా? భయం. తిడతాడని కాదు. "పోనీలేమ్మా" అంటాడేమోనని.