సమ్మె టెంటులో ఒంటి కన్ను

చూపు నిలిచింది. ముందు ఆ ఒక్క మాట చెప్పేయనివ్వండి, మిగతాది తర్వాత. అవ్వ కన్ను పోలేదు. ఇవాళ పొద్దున టెంటు గుంజకు వీపు ఆనించి కూర్చుని, రోడ్డు అవతల అద్దాల మేడ మీద తాడుకు వేలాడుతూ అద్దాలు తుడుస్తున్న మనిషిని చూపించింది. "ఆడు పుర్రచేత్తోని తుడుస్తున్నడు సూడు బిడ్డా" అంది. తిరిగి చూశాను. నిజంగానే ఎడమ చెయ్యి. కళ్లజోడు ఉన్న నాకే ఆ చెయ్యి ఏదో పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

సర్కారు దవాఖానలో కంటి డాక్టరుగా తల నెరిసినదాన్ని. ఎన్ని శుక్లాలు తీశానో లెక్క పెట్టుకోవడం ఎప్పుడో మానేశాను. అలాంటిదానికి ఒక్క కంటికి ఇంత సంబరమా అంటారేమో. అంతే. ఇంకా ఎక్కువే.

తెలంగాణ కోసం ఊరంతా సమ్మెలో ఉంది. బస్సులు డిపోలు దాటడం లేదు, బడులు తెరవడం లేదు. మా దవాఖాన గేటు పక్కన మేమూ షామియానా వేశాం. రోజుకు కొందరు చొప్పున పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉపవాసం కూర్చుంటారు, మర్నాడు వేరేవాళ్లు. రిలే దీక్ష అంటాం. ప్రాణం మీదికి వచ్చిన కేసులు తప్ప మిగతా వైద్యం బంద్. నేనూ నల్లబ్యాడ్జీ పెట్టుకుని కూర్చున్నాను. నన్నెవరూ బతిమాలలేదు. మా నాన్న నార్సింగిలో బండ కొట్టేవాడు. ఇప్పుడు మేడలు లేచినచోట అప్పుడు బండలు ఉండేవి. ఆ బండల్ని పగలగొట్టినవాళ్లలో ఆయన ఒకడు. మా ఇంట్లో మొదటి చదువు పట్టా నాది. ఆ పట్టా చేతికొచ్చాక కూడా నేను నోరు తెరిస్తే "మీ భాష భలే తమాషాగా ఉంటుందండీ" అని నవ్వినవాళ్లు చాలామంది తగిలారు. అందుకని కూర్చున్నాను.

అవ్వను కోడలు నడిపించుకుంటూ తెచ్చింది, కొత్తగూడలో అపార్ట్‌మెంట్లు కడుతున్నచోటి నుంచి. పాలమూరు నుంచి వచ్చి సైటులోనే రేకుల గుడిసెలో ఉంటున్నారు. అవ్వ కొంగు కంటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఓపీ బంద్ అమ్మా" అన్నాడు మా ల్యాబ్ టెక్నీషియన్. దవాఖానలో సమ్మె కమిటీకి అతనే కన్వీనరు.

"ఓపీ బందే. ఇది టెంటు" అని నేను టార్చి తీశాను.

ఎడమ కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయిందట. కుడి కన్ను ఎర్రగా వాచి ఉంది. నల్లగుడ్డు మీద బూడిదరంగు పుండు. పుండు అంచులు ఈకల్లా చీలి ఉన్నాయి. అలాంటి అంచులు మంచివి కావు. అది నల్లగుడ్డు నడిమికి పాకితే అవ్వకు ఇక పగలూ రాత్రీ ఒకటే.

"ఎట్లయింది అవ్వా?"

"బండలు కోసే మిషిని కాడ నలుసు వడ్డది."

"ఎవరు తీసిన్రు?"

అవ్వ కొంగు మళ్లీ కంటికి అడ్డం పెట్టుకుంది. వెనక కోడలు ఏడుపు మొదలుపెట్టింది. నాకు అర్థమైంది. మా నార్సింగి బండల దగ్గరా ఒక పెద్దమ్మ ఉండేది. ఎవరి కంట్లో రాతిపొడి పడినా ఆమె దగ్గరికే పరిగెత్తేవాళ్లం. నోరు పుక్కిలించి, రెప్ప పైకెత్తి, నాలుక కొసతో కనుగుడ్డును ఒక్కసారి నాకేది. నలుసును అరచేతిలో ఉమ్మి చూపించేది. నలుసు కళ్లారా చూశాక మంట తగ్గనివాడు కూడా తగ్గిందనేవాడు. చిన్నప్పుడు నా కంట్లోదీ ఆమే తీసింది. ఆ నాలుక వెచ్చదనం ఇప్పటికీ గుర్తుంది. ఆ నాలుక వల్ల ఎన్ని కళ్లకు పుండ్లు పడ్డాయో చదువుకున్నాకే తెలిసింది.

సైటులో ఆ పని చేసేది ఈ అవ్వేనట. మేస్త్రీలు, కూలోళ్లు, ఆఖరికి వాచ్‌మన్లు కూడా ఆమె దగ్గరికే వస్తారట.

"మరి నీ కంట్లది?"

"నా నాలుక నా కంటికి అందుతదా బిడ్డా? కోడలు తీసింది. ఎన్నడు తియ్యనిది, మొదటిసారి. నలుసైతే వచ్చింది, చేతుల వెట్టి సూపిచ్చింది. పనికి వంక వెట్టరాదు. కన్నే మంచిగ లేదు."

"నేనే మా అత్త కన్ను తీసిన మేడం" అంది కోడలు. అన్నాక ఇక అత్త ముఖం వైపు చూడలేదు.

కంటి వార్డులో మంచం కావాలని సూపరింటెండెంటు గారి గదికి వెళ్లాను. ఆయనది గోదావరి వైపు. మంచి సర్జను, మర్యాద తెలిసిన మనిషి. రోజూ పైనుంచి వచ్చే ఫోన్లతో బుర్ర వేడెక్కి ఉన్నాడు.

"కంటిపుండు ఎమర్జెన్సీ ఎలా అవుతుందండీ? ప్రాణం పోదు కదా. పెద్దాసుపత్రికి రాసి పంపెయ్యండి."

"బస్సులు లేవు సార్. రెండో కన్ను కూడా లేదు."

"అసలు మీరు సమ్మెలో ఉన్నట్టా, డ్యూటీలో ఉన్నట్టా? ఏదో ఒకటి తేల్చండి డాక్టరు గారూ."

"రెండింట్లోనూ సార్."

"అలా కుదరదండి. టెంట్లో కూర్చున్నవాళ్ల కోసం నేను వార్డు తెరవలేను. ఇలాగే చేస్తే మెమో ఇవ్వాల్సొస్తుంది."

"ఇవ్వండి సార్. మా ఇంటి గోడకు నా పట్టా ఒక్కటే ఉంది. పక్కన జాగా ఖాళీగానే ఉంది, ఫ్రేము కట్టించి పెడతా."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అంత ధీమాగా ఉంటే, ఆ కన్ను బాగుపడ్డ రోజు నాకు ఫోన్ చేసి చెప్పండి. వింటాను."

టెంటుకు తిరిగొచ్చేసరికి కన్వీనరు ఎదురొచ్చాడు.

"మేడం, గిట్ల జేస్తే సమ్మె పల్సగైతది. రేపు పేషెంట్లందరొచ్చి కూసుంటరు."

"రానియ్. బండలు మోసేటామె కన్ను వోగొట్టి తెచ్చుకునే తెలంగాణ నాకెందుకయ్యా? నాకు నీ మైక్రోస్కోపు గావాలె."

"ల్యాబ్ బంద్ మేడం. తాళం తియ్య."

"ల్యాబ్ బందే ఉండనియ్. మైక్రోస్కోపును తెచ్చి దీక్షల కూసోవెట్టు. అది గుడ తెలంగాణదే గద."

దీక్షలో ఉన్నవాళ్లు ఆకలి మరిచి నవ్వారు. అతను నవ్వలేదు, కానీ వెళ్లాడు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా మైక్రోస్కోపును పొదువుకుని వచ్చాడు. టెంటుకు ఒకే ఒక కరెంటు తీగ ఉంది, దానికి పాటల మైకు తగిలించి ఉంది. మైకు పీకి మైక్రోస్కోపు పెట్టాడు. పొద్దున్నుంచి మోగుతున్న పాట మధ్యలో ఆగిపోతే రోడ్డు మీద పోయేవాళ్లు సమ్మె ముగిసిందేమోనని తొంగిచూశారు. మత్తుచుక్కలు వేసి, పుండు అంచును సన్నగా గీకి గాజుపలక మీద పెట్టి ఇచ్చాను. అతను చాలాసేపు తల ఎత్తలేదు.

"బూజు మేడం. దారాలు దారాలు" అన్నాడు. అన్నాక ఆ అవ్వ వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు.

బూజు పట్టిన కంటికి గంటకోసారి చుక్కలు వేయాలి. ఒక్క గంట మానినా అది ముందుకు పాకుతుంది. రాత్రిళ్లకు దారి దొరికింది. క్యాజువాలిటీ బంద్ కాదు, అక్కడ డ్యూటీ సిస్టరు మూలన ఒక మంచం ఇచ్చింది. పగలు కోడలు కూలికి పోవాలి. పోకపోతే గుడిసె ఖాళీ చేయమంటారు. వార్డు లేదు, నర్సులు లేరు. నేను ఆలోచిస్తూ ఉండగానే కన్వీనరు అన్నాడు: "దీక్షల కూసున్నోళ్లకు పనేమున్నది మేడం? రిలే దీక్షే గద. చుక్కలు గుడ రిలేగనే వేద్దం."

అలా మొదలైంది. పగలు అవ్వకు టెంటులోనే మంచం వేశాం. ఫార్మసిస్టు, వార్డు బాయి, రికార్డు సెక్షన్ క్లర్కు, ఎవరు దీక్షలో ఉంటే వాళ్లు. చుక్కలు వేసే ప్రతివాడికీ అవ్వ అదే ప్రశ్న వేసేది. "చేతులు కడుక్కుంటివా?" నాలుకతో నలుసులు తీసిన మనిషి చేతుల దగ్గర ఇంత పట్టింపు ఎలా నేర్చిందో తెలీదు. మొదటిరోజు నేను చెప్పింది ఒక్కసారే.

చుక్కలమందు మా దగ్గర లేదు. ఎదురు మేడలో పనిచేసే ఒక సాఫ్ట్‌వేరు అమ్మాయి సమ్మెకు ముందు కళ్లకలకతో నా దగ్గరికి వచ్చి వెళ్లేది. నేను అడిగిందే తడవు ఆమే వెతికి తెచ్చింది. కలక పూర్తిగా తగ్గాక మధ్యాహ్నం అన్నం వేళ మెడలో ఐడీ కార్డుతో టెంటు బయట నిలబడింది.

"నేను గుంటూరు అమ్మాయినండి. విడిపోవడం నాకు ఇష్టం లేదు. చుక్కలు వేయొచ్చా?"

టెంటులో అందరూ కన్వీనరు వైపు చూశారు. అవ్వ పడుకునే అడిగింది: "చేతులు కడుక్కుంటివా?"

"కడుక్కున్నానండి."

"మరింక నిలవడ్డవేంది? గంటయింది."

మొదట్లో పుండు మా మాట వినలేదు. నల్లగుడ్డు లోపల తెల్లటి చీముగీత లేచింది. మళ్లీ గీకాను, మందు మార్చాను. పెద్దాసుపత్రికి పంపనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. సాయంత్రాలు కోడలు కూలి నుంచి వచ్చి అత్త కాళ్ల దగ్గర కూర్చునేది. తెచ్చిన జొన్నరొట్టె పక్కన పెట్టేది. తినమని మాత్రం అనేది కాదు. అవ్వ కూడా ఏమీ అనేది కాదు. కన్ను సంగతి తేలకుండా ఆ ఇద్దరి మధ్య మాట లేచేలా లేదని నాకు అర్థమైంది.

చీముగీత దిగడం మొదలైన వారంలోనే పోలీసులు వచ్చారు. రోడ్డు మీది టెంట్లన్నీ తీసేయాలని ఉత్తర్వు. పక్క ఆఫీసు వాళ్ల షామియానా అప్పటికే కూల్చి వ్యానులో వేశారు.

"టెంటు తియ్యాలె మేడం" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"టెంటు ఎక్కడుంది? ఇది కంటి వార్డు."

"మేడం, జర నా మాట వినండ్రి. పరేషాన్ చెయ్యకండ్రి."

"పేషెంటు పండుకోని ఉంది, కనవడ్తలేదా? చుక్కల టైమైంది. ముందు పక్కకు జరుగు, ఎలుతురుకు అడ్డమొస్తున్నవ్."

అతను జరిగాడు. కన్వీనరు చేతులు కడుక్కుని వచ్చి చుక్కలు వేశాడు. కానిస్టేబుళ్లు గుంజలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఈలోగా సూపరింటెండెంటు గారు గేటు దాకా వచ్చారు. ఇన్‌స్పెక్టరు ప్రాణం లేచొచ్చినట్టు ఆయన వైపు తిరిగాడు.

"సార్, మీరే చెప్పండి. ఇది టెంటా, వార్డా?"

ఆయన అవ్వను చూశాడు. మంచం పక్కన స్టూలు మీద గుడ్డ కప్పిన మైక్రోస్కోపును చూశాడు. నన్ను మాత్రం చూడలేదు.

"వార్డేనండి. లోపల జాగా లేక బయట వేశాం. మా డాక్టరు గారి పేషెంటు" అని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోడ్డు మీద మిగిలిన షామియానా మాదొక్కటే.

ఇవాళ కంటికి రంగుపట్టీ అంటించి చూశాను, పుండు ఉంటే రంగు పట్టాలి, పట్టలేదు. పుండు మానింది. అంచున చిన్న తెల్లమచ్చ మిగిలింది, నడిమి చూపుకు అడ్డం లేదు. బొమ్మల చార్టు చూపించి చూపు పరీక్ష చేద్దామని లేచేలోగానే అవ్వ ఆ తాడు మీది మనిషిని పట్టేసింది. ఆమె సైటు నుంచి ఇద్దరు కూలోళ్లు పలకరించడానికి వచ్చి ఉన్నారు. ఒకడు కన్ను నలుపుకుంటున్నాడు. "నలుసు వడ్డదవ్వా, జర తియ్యవా" అన్నాడు.

"నా నాలుకకు రిటైర్మెంటయింది. మేడం కాడ కూసో" అంది అవ్వ.

అతను కూర్చున్నాడు. ఓపీ ఇంకా బందే. నలుసు తీశాను. అలవాటు ఎక్కడికి పోతుంది, అరచేతిలో పెట్టి చూపించాను.

ఇంకా ఫోన్లు చేయాల్సినవాళ్లు:

కోడలు. సైటు మేస్త్రీ నంబరుకు చేయాలి. అందరికంటే ముందు ఆమెకే. నేను చెప్పకూడదట, నంబరు నొక్కి ఇస్తే అవ్వే మాట్లాడుతుందట.

మా నాన్న. సరిగ్గా వినపడదు, అరిచి చెప్పాలి. నార్సింగి వాడకట్టు అంతా వింటుంది. విననీ.

గుంటూరు అమ్మాయి. మీటింగులో ఉన్నానంటుంది, అయినా ఎత్తుతుంది.

క్యాజువాలిటీ సిస్టరు. రాత్రి డ్యూటీ చేసి పడుకుని ఉంటుంది, సాయంత్రం చేయాలి.

సూపరింటెండెంటు గారు. ఆయన కిటికీ ఇక్కడికి కనపడుతూనే ఉంది, కేకేసినా పలుకుతారు. అయినా ఫోనే చేస్తాను. ఫోన్ చేసి చెప్పమన్నది ఆయనే.