గింజల కుప్పలో వేడి

1941లో నేను ఆదోనిలోని ఒక జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్‌ని. జిన్నింగ్ అంటే పత్తి నుంచి గింజను వేరు చేయడం. దూది బేళ్లుగా రైలెక్కేది, గింజలు గోడౌన్‌లో రెండు నిలువుల ఎత్తున కుప్పపడేవి. గింజల్లో తడి ఉంటే లోలోపలే వేడెక్కి చివరికి నిప్పంటుకుంటుంది. ఆ వేడిని కనిపెట్టే పని ఈరన్నది.

హొళగుంద మనిషి, అరవై దాటాయి. పొడవాటి ఇనుపకడ్డీని రోజూ కుప్పలో పదిచోట్ల దూర్చి, కాసేపుంచి లాగి, అరచేత్తో తడిమేవాడు. చెయ్యి చురుక్కుమంటే అక్కడ తవ్వించి గింజలు ఆరబోయించేవాడు. నాకది మొరటు పనిగా కనిపించేది. మద్రాసులో ఆరు నెలలు పని నేర్చుకుని వచ్చిన పొగరు మరి.

నేను థర్మామీటర్ తెప్పించాను. గాజుగొట్టం అడుగు బుడ్డిలోని పాదరసం వేడికి ఉబ్బి సన్నటి దారిలో పైకి పాకుతుంది. జ్వరం చూసేదానిలో ఆ దారి ఒకచోట నొక్కి ఉంటుంది కాబట్టి విదిలించేదాకా పాదరసం దిగదు. మాది అలాంటిది కాదు, బయటికి తీస్తే పడిపోతుంది. అందుకని కుప్ప నడుమ ఇనుపగొట్టం పాతి, అందులోకి దించి, తీసిన వెంటనే చదివేవాణ్ణి. మా బాయిలర్ పొగగొట్టం మీది డయల్‌ది ఇంకో పద్ధతి. రెండు లోహాల రేకులు అతికించి చుట్ట చుడతారు. వేడికి ఒకటి ఎక్కువ సాగి, చుట్ట మెలితిరిగి ముల్లును తిప్పుతుంది. ఇవన్నీ ఈరన్నకు వివరించి, ఇక కడ్డీ మానెయ్యమన్నాను. కడ్డీ చేసే కన్నాల్లోంచి గాలి లోపలికి పోయి నిప్పుకు ఊతమవుతుందని కారణం కూడా చెప్పాను. ఆయన ఆ రోజే మానేశాడు.

ఆ ఏడు అకాల వాన పడి ఆలూరు వైపు నుంచి పత్తి బండ్లు తడిసి వచ్చాయి. రెండు వారాలకు ఈరన్న నా దగ్గరికొచ్చాడు.

“సామీ, పడమటి మూల మాడు వాసన వస్తాండాది. కడ్డీ దూర్చి సూడనా?”

“తొంభై ఆరు ఫారన్‌హీటే చూపిస్తోంది ఈరన్నా, మన ఒంటి వేడంత కూడా లేదు. ఇంకా నీ ముక్కునే నమ్ముకోమంటావా?” అని నవ్వాను.

“సదువుకున్నోడివి, నీ మాటే కానీలే,” అని వెళ్లిపోయాడు.

మరునాడు మధ్యాహ్నం ఆయన కుప్పెక్కాడు. నేను వద్దన్నానని కడ్డీ తీసుకోలేదు. చేత్తోనే చూద్దామనుకున్నాడేమో. పడమటి మూల లోపల అప్పటికే కాలి డొల్లయింది. పైపొర కూలి ఆయన అందులోకి దిగబడిపోయాడు. కేక విని పారలతో పరుగెత్తాం. బయటికి తీసేసరికి ప్రాణం లేదు. అప్పుడు కూడా నేను వెళ్లి థర్మామీటర్ చూశాను. తొంభై ఏడు. సిగ్గులేని పని, కానీ చేశాను.

ఆయన భార్య ఉరుకుందమ్మ వచ్చింది. ఏడుపు కాసేపు ఆపుకుని నన్ను అడిగింది.

“నీ గాజుకడ్డీ సెప్పలేదా నాయనా?”

“అది నడుమ ఉందమ్మా. ఆ మూల సంగతి దానికి తెలీదు.”

“మా ఆయప్పకు తెలిసింది గదా. నీకు సెప్పినాడంట గదా.”

 

కొన్నేళ్లకు థర్మోకపుల్ తీగలు వచ్చాయి. రెండు వేరు లోహాల తీగల కొసలు కలిపి వేడిలో ఉంచితే పుట్టే కొద్దిపాటి కరెంటును మీటర్ చూపిస్తుంది. ఎనిమిది చోట్ల పాతించాను. ఎన్ని పాతినా ప్రతి పరికరమూ తన కొన తగిలిన చోటి వేడినే చెబుతుంది. ఆ తర్వాత ఏ కూలీ వచ్చి వాసన వస్తోందన్నా, మీటర్ వైపు చూడకుండా ముందు లేచి వెళ్లేవాణ్ణి. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండేది కాదు. అయినా వెళ్లేవాణ్ణి.