సుబ్బులమ్మ పాడిన చీటీ

సుబ్బులమ్మ ఆకలికి ఓర్చుకునేది, జ్వరానికి ఓర్చుకునేది. తోడికోడలు మునిలక్ష్మి ఇంట్లో కొత్త చెంబు కనబడితే మాత్రం ఓర్చుకోలేకపోయేది. మొగుడు ధనంజయ చిత్తూరు బెల్లం మండీలో తూకం వేసేవాడు. ఆమె ఇంట్లో రవికెలు కుట్టేది. మునిలక్ష్మి అదే వీధిలో ఇడ్లీలు అమ్మేది. ఆ నీళ్ళ చట్నీకి అంత గిరాకీ ఏమిటో సుబ్బులమ్మకు ఎన్నటికీ అర్థం కాలేదు.

డెబ్బై ఎనిమిదిలో ఇద్దరూ కుప్పయ్య చీటీలో చేరారు. ఇరవై మంది, నెలకు నూరు రూపాయలు. పోగైన రెండు వేలలో ఎవరు ఎక్కువ వదులుకుంటామని పాడితే ఆ నెల చీటీ వాళ్ళది. వదులుకున్నది అందరూ పంచుకుంటారు. తొందర ఉన్నవాళ్ళు ముందే పాడుకుంటారు, లేనివాళ్ళు చివరిదాకా ఆగి నిండుగా తీసుకుంటారు. సుబ్బులమ్మది ఆగాల్సిన చీటీ. కూతురు వకుళ ఇంటరు ముగించేసరికి ఆ డబ్బు చేతికొస్తుంది, తిరుపతిలో టీచరు ట్రైనింగులో చేర్పించాలి. వీధిలో అందరికీ ఆ సంగతి చెప్పుకుంది కూడా.

నాలుగో నెల మునిలక్ష్మి పాటకు దిగింది. పిండి రుబ్బే కరెంటు గ్రైండరు కొంటుందట.

"రెండునూర్లు వదులుకుంటా" అంది.

సుబ్బులమ్మ కడుపు భగ్గుమంది. తాను రోటి ముందు చేతులు నొప్పెట్టేలా రుబ్బుకుంటూ ఆ మహాతల్లి గ్రైండరు మోత వినాలా?

"మూడునూర్లు" అనేసింది.

కుప్పయ్య తలెత్తాడు. "నీకిప్పుడేం అవసరం సుబ్బులమ్మా? పాప సదువుకని గదా ఏసుకున్నావు."

"నా సీటీ, నా ఇష్టం. పాట సాగనీప్పా."

పాట ఏడు వందలకు చేరింది. మునిలక్ష్మి వెనక్కి తగ్గింది. "అంత నష్టం నాకొద్దు. వచ్చే నెల సూసుకుంటా. ఈసారి అక్కనే తీసుకోనీ."

సుబ్బులమ్మ గెలిచింది. వదులుకున్న ఏడు వందల్లో మునిలక్ష్మికీ పాలు ముట్టింది. మరుసటి నెల పోటీకి ఎవరూ రాక, ఆమె నూరు రూపాయలే వదులుకుని చీటీ ఎత్తుకుంది. గ్రైండరు దిగింది, మోత మొదలైంది, హోటళ్ళకు పిండి పోసే బేరం కూడా కుదిరింది.

సుబ్బులమ్మ పదమూడు వందలూ పోస్టాఫీసులో వేసింది. కానీ మిగిలిన నెలలన్నీ చీటీ కట్టాలి కదా. బెల్లం రాని నెలల్లో ధనంజయకు పని ఉండేది కాదు. అప్పుడల్లా పోస్టాఫీసు డబ్బే తీసి కట్టింది. వకుళకు సీటొచ్చేసరికి అక్కడ మిగిలింది బస్సు చార్జీలకు, పుస్తకాలకు సరిపోతుంది, అంతే.

సంగతి తెలిసి మునిలక్ష్మి తనే వచ్చింది. ఫీజు డబ్బు సుబ్బులమ్మ చేతిలో పెట్టింది. "పాపను సేర్పించక్కా. మెల్లింగా ఇద్దువులే." ఆ మాటలో ఎగతాళి ఉంటే బాగుండునని సుబ్బులమ్మ వెదికింది. లేదు. అందుకు ఇంకా ఒళ్ళు మండింది.

తిరుపతి బస్సులో వకుళ మెల్లగా అంది: "ఇంగనన్నా సిన్నమ్మ మీద కుళ్ళు మానుకోమ్మా. ఆమే గదా డబ్బిచ్చింది."

"ఇచ్చింది గాబట్టే గదే ఈ మంట" అంది సుబ్బులమ్మ. "నా కూతుర్ని నేనే సదివించినానని ఇంగ ఎవురికి సెప్పుకునేది?"