పేస్టమ్ గుడి మీద మబ్బు

లండన్‌లో క్రౌల్ గారి అచ్చుపనిశాలలో ఒబడయా ట్రాంటర్‌ది గుగ్గిలం పని. పెట్టెలో గుగ్గిలం పొడిని రేపి, అది రాగి పలక మీద మంచులా దిగేదాకా ఆగాలి. తరవాత అడుగున సెగ చూపిస్తే రేణువులు అంటుకుంటాయి. ఈలోగా గాలి తగిలిందా, పని గోవిందా. అందుకే ముక్కుపొడుం పీల్చేవాణ్ణి క్రౌల్ గారు గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. ట్రాంటర్‌కేమో పొడుం లేనిదే తెల్లవారదు. డబ్బీని మేజోడులో దోపుకుని వచ్చేవాడు.

ఆ వేళ పలక ఓ చిత్రకారుడు గీసిన ఇటలీలోని పేస్టమ్ బొమ్మది. పాడుబడిన గుడి స్తంభాలు, పైన మచ్చలేని ఆకాశం. సెగ దగ్గరికి తీసుకెళ్తూ ట్రాంటర్ తుమ్మాడు. కళ్ళలో నీళ్ళు తిరిగి, ఆకాశంలో అరచేతి మేర పొడి ఎగిరిపోయిన సంగతి చూసుకోలేదు. పలకని ఆమ్లంలో ముంచితే, గుగ్గిలం కాపు లేక బోడిగా మిగిలిన ఆ చోటుని అది తినేసింది. అచ్చు తీస్తే గుడి నెత్తిన నల్లటి అంచుల మరక!

"నా పని అయిపోయింది సుసానమ్మా! ఉద్యోగం ఊడిందని ఇంటికెళ్ళి ఏ మొహంతో చెప్పను?"

పలకలకు నునుపు పెట్టే సుసానా పెగ్ అతన్ని ఎగాదిగా చూసింది. "ముందు ఆ మొహం తుడుచుకో నాయనా. పొడుం మీసంలా మొలిచింది."

మధ్యాహ్నమంతా ఉక్కు కడ్డీతో, నూనెతో ఆ అంచుల్ని రుద్దింది. మరక మబ్బయింది.

క్రౌల్ గారు కొత్త అచ్చు చేత్తో పట్టుకుని వచ్చారు. "చిత్రకారుడి బొమ్మలో మబ్బు లేదే?"

"ఇటలీలో మబ్బు పట్టదా అయ్యగారూ?" అంది సుసానా.

"పడుతుంది. నా పనిశాలలో పట్టదు. ఎవరిదిది?"

"నేనే కాస్త..."

ట్రాంటర్ ఉండబట్టలేకపోయాడు. "మబ్బు ఆవిడదండీ. తుమ్ము నాది."

క్రౌల్ గారు అచ్చుని వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు. మబ్బు కింద ఆ స్తంభాలు మరింత ఒంటరిగా, మరింత పాతగా నిలబడ్డాయి.

"తుమ్మినవాణ్ణి వెళ్ళగొట్టి మబ్బుని అమ్ముకుంటే నాకు నిద్ర పట్టదు. ఆ డబ్బీ ఇలా పడెయ్."

అందరి ముందూ మేజోడు విప్పాల్సి వచ్చింది. చిరుగులోంచి రెండు వేళ్ళు తొంగిచూశాయి. పనిశాల గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది సుసానాయే.

ఉద్యోగం నిలిచింది. అక్కడే అతని జుట్టు నెరిసింది. ప్రతి శనివారం ఆవిడ బల్ల మీద వేడివేడి ఈల్ చేప కూరిన రొట్టె పెట్టేవాడు. ఆవిడకు చూపు మందగించాక, ఆదివారాలు చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకెళ్ళిందీ అతనే.

"ఒక్క పూట రుద్దినందుకు ఇన్నేళ్ళు చేస్తావటయ్యా చాకిరీ?" అని కసిరేదావిడ.

"మెట్టుందమ్మా, నెమ్మది," అనేవాడు.