సైలెన్సర్లు పీకిన బండి

ఇందుకూరుపేటలో మెకానిక్కు కృపాదానం రెండు సిలిండర్ల మోటారుసైకిలు ఏది వచ్చినా ముందు దాని వెనక గొంతుక్కూర్చునేవాడు. రెండు పొగగొట్టాల ఎదుటా చెరో అరచెయ్యి పెట్టి, పొగ రెండింట్లోనూ సమంగా తన్నుతోందో లేదో చూసేవాడు. ఆ వేడికి అతని అరచేతులు కమిలి మొద్దుబారిపోయాయి. అరవైమూడు వేసవిలో చేపల వ్యాపారి గంగాధరం తన రెండు సిలిండర్ల బండి తెచ్చి సైలెన్సర్లు పీకేయమన్నాడు.

"మోత మైపాడు దాకా వినబడాలన్నా. స్పీడు గూడా పెరగాల."

"పెరగదబ్బయా. పొగకి అడ్డం లేకపోతే లోపలికి గాలెక్కువై పెట్రోలు చాలదు. ఇంజను కాగిపోయి పిస్టన్ పట్టేస్తాది. ఎనక చక్రం అట్నే బిగుసుకుంటాది. పెట్రోలు ఎక్కువ వదిలే పెద్ద జెట్టు మద్రాసు నించి తెప్పిస్తా, వారం ఆగు."

గంగాధరం ఆగలేదు, నువ్వు పీకకపోతే నేనే పీకుతానన్నాడు. చివరికి కృపాదానమే పీకాడు. గంగాధరం బండి స్టార్టు చేసి, అతని భార్య చెంచమ్మ వెనక ఎక్కుతుంటే కృపాదానం ఎదురెళ్లాడు. "అమ్మా, నువ్వు దిగు!" అని అరిచాడు. ఆ మోతలో ఆమెకు వినబడక, నవ్వి చెయ్యి ఊపింది.

మోత దూరమయ్యేకొద్దీ అందులో ఇంజను కాగిపోతున్నప్పటి పొడి టకటక మొదలైంది. కృపాదానం సైకిలెక్కి వెంటబడ్డాడు. ఊరు దాటకముందే మోత ఒక్కసారిగా ఆగిపోయింది. "ప్రభువా, అతనే ఆపి వుండాల, పిస్టన్ పట్టేసి వుండకూడదు," అనుకుంటూ తొక్కుతూనే ఉన్నాడు.